అమ్ముడుపోయినవాళ్ళు చేతులెత్తండి

రాళ్ళవంక నియోజకవర్గంలో మనుషుల అక్రమ రవాణా అనేది లేదని శాసనసభలో బల్లలు చరిచి మరీ ప్రకటించిన వేసవిలోనే గంగులమ్మ గల్ఫు నుంచి తిరిగొచ్చింది. అది ఆమె తప్పే. ఇంకాస్త ముందు వచ్చి ఉంటే బాధితురాలు అయ్యేది, పూలదండ పడేది. ఊరి మొదట్లో కట్టిన స్వాగత కమానుకు రంగు ఇంకా ఆరకముందు రావడం మాత్రం ఎవరికీ బాగనిపించలేదు.

ఆ ప్రకటన ఎలా వచ్చిందో ముందు చెప్పుకోవాలి. మనుషుల్ని అమ్మే వ్యాపారాన్ని అరికట్టడానికి శాసనసభ్యులు ఏం చేయగలరన్న విషయం మీద సభలో ఒక రోజంతా చర్చ జరిగింది. మాట్లాడినవాళ్ళంతా గొంతు పూడుకుపోయి మాట్లాడారు. చివరికి ప్రతి శాసనసభ్యుడూ తన నియోజకవర్గాన్ని 'అక్రమ రవాణా రహితం' చేసి చూపాలనీ, అందరికంటే ముందు చేసినవారికి బంగారు పతకం ఇవ్వాలనీ తీర్మానించారు. మిగతావాళ్ళు తమ దగ్గర ఎంతమంది అమ్ముడుపోయారో ముందు లెక్క తీద్దామని కూర్చున్నారు. రాళ్ళవంక శాసనసభ్యుడు కోనేటి దశరథరామయ్య అనుభవం ఉన్న మనిషి. లెక్క తీయడం మొదలుపెడితే లెక్క దొరుకుతుందని ఆయనకు తెలుసు. అందుకని ఊరూరా గ్రామసభ పెట్టించి, అమ్ముడుపోయినవాళ్ళు చేతులెత్తమని అడిగించాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. అమ్ముడుపోయినవాళ్ళు ఆ సమయానికి ఊళ్ళో లేరన్న సంగతి సభ దృష్టికి రాలేదు, ఎందుకంటే వాళ్ళు వచ్చి చెప్పలేదు.

అలా రవాణా లేదని ఒకసారి తేలిపోయాక మిగతా పనులు చకచకా జరిగాయి. రవాణా లేదు కాబట్టి రవాణా చేసేవాళ్ళు ఉండటానికి వీల్లేదు. అప్పటిదాకా ఏజెంట్లని పిలిపించుకున్నవాళ్ళకు ఆ పేరు తీసేసి, 'వలస మిత్ర' అని మెడలో వేసుకునే కార్డులిచ్చారు. వలస వెళ్ళేవాళ్ళకు ఏ కష్టం వచ్చినా వలస మిత్రకే చెప్పుకోవాలని గోడల మీద రాయించారు. రాళ్ళవంక టౌనుకు వలస మిత్ర సుంకన్న.

గంగులమ్మను అమ్మింది ఆ సుంకన్నే. వరసగా వానలు లేక వేరుశనగ ఎండిపోయి, మొగుడు పోయి, అత్త సాలమ్మకు కళ్ళు కనపడకుండా పోతున్న రోజుల్లో అతను గడపలోకి వచ్చి కూర్చున్నాడు. ఒక్క ఇంట్లో వంటపని, రెండు పూటలా తిండి, శుక్రవారం సెలవు అన్నాడు. అక్కడికి వెళ్ళాక ఒక ఇంటివాళ్ళు పని అయిపోగానే ఇంకో ఇంటికి అమ్మారు. వాళ్ళు ఇంకొకళ్ళకు అమ్మారు. శుక్రవారం ఏ రోజు వస్తుందో కూడా ఆమెకు తెలియకుండా పోయింది. చివరికి చెత్త పారేయడానికని వీధిలోకి వచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచి, ఆ ఊళ్ళో ఇలాంటి ఆడవాళ్ళ కోసమే నడిపే శరణాలయంలో పడింది.

అక్కడే లాల్‌బీ కనపడింది. పాలమందలో పుట్టి రాళ్ళవంకకు కోడలుగా వచ్చిన పిల్ల. ఆమెను పంపిందీ సుంకన్నే. గంగులమ్మ మీద ఆమె యజమాని ఏ కేసూ పెట్టలేదు కాబట్టి విమానం ఎక్కించారు. లాల్‌బీ మీద మాత్రం ఆమె యజమానురాలు చేతి గడియారం పోయిందని దొంగతనం కేసు పెట్టింది. సొంత ఊళ్ళో ఏజెంటు మీద కేసు నమోదై, అది నిజమేనని అక్కడి పెద్దవాళ్ళెవరైనా ఫోనులో చెబితే, అమ్ముడుపోయి వచ్చిన పిల్లేనని చూపించి వదిలేయవచ్చని శరణాలయం అధికారిణి చెప్పింది. గంగులమ్మ బయల్దేరేటప్పుడు లాల్‌బీ ఏడవలేదు. చెయ్యి పట్టుకుని, "అక్కా, నువ్వు ఇంటికి పోతూనే నిద్రపోవద్దు, ముందు కేసు నంబరు పంపించు" అంది.

అందుకని గంగులమ్మ అత్త చేతి ముద్ద తిని, స్నానం చేసి, నేరుగా రాళ్ళవంక పోలీసు స్టేషనుకు వెళ్ళింది.

ఎస్సై ప్రసన్నకుమార్ కొత్తగా వచ్చినవాడు, మర్యాద తెలిసినవాడు. కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు, చెప్పిందంతా విన్నాడు. మధ్యలో కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు కూడా. ఆ తర్వాత కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పి తన ఇబ్బంది చూపించాడు. నేరం రకం ఎంచుకుంటే తప్ప కంప్యూటర్ నంబరు ఇవ్వదు. రాళ్ళవంక స్టేషనుకు సంబంధించినంతవరకు మనుషుల అమ్మకమనే నేరాన్ని ఆ పట్టికలోంచి తీసేశారు. లేని నేరానికి చోటెందుకని పైనుంచి ఆదేశం వచ్చిందట.

మరి ఏమేం ఉన్నాయో చదివి వినిపించమంది గంగులమ్మ. మేకల దొంగతనం, గట్టు తగాదా, కరెంటు మోటారు చోరీ, పెంపుడు కుక్కను జనం మీదికి వదలడం అంటూ ఎస్సై ఓపిగ్గా చదివాడు. ఆమె ముఖం చూసి జాలి కలిగి, తన వల్లయిన సాయం చేయబోయాడు.

"కుక్క కరిచిందని రాస్తే ఇప్పుడే నంబరు వచ్చేస్తుందమ్మా."

గంగులమ్మ ఆ మాట తీసిపారేయలేదు. నంబరు కోసమే వచ్చింది కాబట్టి కాసేపు ఆలోచించింది.

"ఆ నంబరు చూపిస్తే లాల్‌బీని ఇడిసిపెడ్తారా సార్?"

"లేదమ్మా. కుక్కను పట్టుకుంటారు."

ఆమె లేచింది. అమ్మకం గురించి అడగాలంటే దానికి వేరే ఆఫీసు ఉందని ఎస్సై గుమ్మం దాకా వచ్చి దారి చూపించాడు.

ఆ ఆఫీసు పేరు 'అక్రమ రవాణా రహిత స్థితి పరిరక్షణ విభాగం'. రవాణా లేకపోతే ఆఫీసు ఎందుకని ఎవరైనా అడిగితే, లేనిదాన్ని లేకుండా ఉంచడానికే ఎక్కువ సిబ్బంది కావాలని అక్కడివాళ్ళు వివరించేవాళ్ళు. దానికి ప్రత్యేకాధికారిణి మందాకిని. బల్ల మీద పూలకుండీ, గోడకు దశరథరామయ్య ఫొటో, ఏసీ చల్లదనం. గంగులమ్మ నిలబడే తన కథ చెప్పింది. మందాకిని శ్రద్ధగా విని, ఇందులో ఒక సాంకేతిక అంశం ఇమిడి ఉందని చెప్పింది.

"గ్రామసభ నిర్వహించిన తేదీ నాటికి గైర్హాజరైనవారు ఎవరూ లేరని నిర్ధారణ అయింది. కావున ఆ తేదీన మీరు గ్రామంలో ఉన్నట్లుగా పరిగణించబడ్డారు."

"నేను ఈడ ఉంటే ఆడ వాళ్ళ అంట్లు ఎవరు తోమినట్ల మేడం?"

అది తమ విభాగం పరిధిలోకి రాదని మందాకిని చెప్పింది. అయినా పౌరుల పట్ల సానుభూతి ఉండాలని ఆదేశాలు ఉన్నాయి కాబట్టి, ఒకవేళ ఆమె వెళ్ళిందనే అనుకున్నా అది అక్రమ రవాణా అవుతుందో కాదో పరీక్షించి చూద్దామంది. ఈ విషయం మీద శాసనసభ వేసిన సభాసంఘం వాళ్ళు అక్రమ రవాణాకు కొత్త నిర్వచనం ఇచ్చారు. పాతది మరీ వెడల్పుగా ఉండి, ఎవరు పడితే వాళ్ళు అందులో పట్టేవాళ్ళు. కొత్త నిర్వచనం ప్రకారం మనిషిని తాళ్ళతో కట్టి ఉండాలి, మూసిన బండిలో తీసుకుపోయి ఉండాలి, ఆ మనిషి నియోజకవర్గం సరిహద్దు దాటేటప్పుడు పక్కవాళ్ళకు వినపడేలా ఏడ్చి ఉండాలి.

తాళ్ళతో కట్టారా అని అడిగితే లేదంది గంగులమ్మ. బండి మూసి ఉందా అంటే, బస్సు, కిటికీలు తెరిచే ఉన్నాయంది. ఏడ్చారా అని అడిగింది మందాకిని, ఇక్కడైనా ఏదైనా దొరుకుతుందేమోనన్న ఆశతో కాదు, ప్రశ్నలు పూర్తి చేయాలి కాబట్టి.

"ఏడ్సినా మేడం. ఇమానంలో."

మందాకిని కలం కింద పెట్టి, విమానంలో ఏడిస్తే అది కేంద్రం పరిధి అని చెప్పింది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నప్పుడు లాల్‌బీ ఫోను చేసింది. శరణాలయంలో ఉన్న ఒకే ఫోను కోసం వరసలో నిలబడి చేస్తుంది, ఎక్కువసేపు మాట్లాడనివ్వరు. నంబరు వచ్చిందా అని అడిగింది. రేపు వస్తుందని గంగులమ్మ అబద్ధం చెప్పింది. రేపు మళ్ళీ చేస్తానని లాల్‌బీ సంతోషంగా పెట్టేసింది. గల్ఫులో ఎన్ని మాటలు పడ్డా గంగులమ్మకు ఇంత సిగ్గుగా అనిపించలేదు.

ఇక మిగిలింది శాసనసభ్యుడే. దశరథరామయ్య ఇంటి ముందు పందిరి కింద ఎప్పుడూ జనం ఉంటారు. గంగులమ్మ పేరు చెప్పగానే మాత్రం లోపలికి పిలిచారు. ఆమె వచ్చిన సంగతి అప్పటికే ఆయన దాకా వెళ్ళింది. ఆయన లేచి నిలబడి, చెల్లెమ్మా అని పిలిచి, తన పక్క కుర్చీ చూపించాడు. అక్రమ రవాణా మీద తాను సభలో చేసిన ప్రసంగం విన్నదా అని అడిగాడు. ఆ సమయంలో అమ్ముడుపోయి ఉన్నందువల్ల వినలేకపోయానని గంగులమ్మ చెప్పుకుంది. ఆయన ఏమీ అనుకోలేదు. ప్రసంగంలో ముఖ్యమైన భాగాలు అప్పటికప్పుడు మళ్ళీ చేసి వినిపించాడు. 'నా అక్కచెల్లెళ్ళ కన్నీటి చుక్క ఈ గడ్డ మీద పడనివ్వను' అన్నచోట గొంతు నిజంగానే వణికింది. గంగులమ్మ కూడా ఒక క్షణం ఇంకెవరి గురించో వింటున్నట్టు బాధపడింది.

ప్రసంగం అయ్యాక ఆయన అసలు విషయానికి వచ్చాడు. ఇలాంటి మనిషిని ఊరికే వదిలేయకూడదని తాను అనుకున్నాడట. పతకం నిర్ణయించే ముందు మిగతా నియోజకవర్గాల శాసనసభ్యులు రాళ్ళవంక నమూనాను అధ్యయనం చేయడానికి వస్తున్నారు. ఆ సందర్భంగా ఏ ప్రలోభానికీ లొంగకుండా పుట్టి పెరిగిన చోటనే ఉండిపోయిన మహిళలకు 'ఆదర్శ స్థిరనివాసి' అని బిరుదు ఇస్తున్నారు. మొదటి బిరుదు గంగులమ్మకు. శాలువా, కుట్టుమిషను కూడా.

"నేను యాడికీ పోలేదని నాకు బిరుదిస్తారా?"

"ఎంతమందికి దక్కుతుందమ్మా ఆ గౌరవం?" అన్నాడాయన.

శాలువా తెమ్మని కేకేస్తే పళ్ళెంలో పెట్టుకుని తెచ్చింది సుంకన్న. మెడలో కార్డు వేలాడుతోంది. కొంచెం లావెక్కాడు. అతను కనపడితే ఏం చేయాలో గంగులమ్మ గల్ఫులో నేల తుడుస్తూ చాలాసార్లు ఊహించుకుంది. ఊహల్లో ఎప్పుడూ చేతిలో చీపురు ఉండేది. ఇప్పుడు ఖాళీ చేతులతో కూర్చుని ఉంది.

"బాగుండావా అక్కా? సన్నబడినావే" అన్నాడు సుంకన్న.

ఆమె శాసనసభ్యుడి వైపు తిరిగి, నన్ను అమ్మింది ఈయనే అని చెప్పింది. దశరథరామయ్య పళ్ళెం అందుకుని బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత, అలాంటి ఫిర్యాదులు ఎవరికి ఇవ్వాలో గోడల మీద స్పష్టంగా రాయించామని నెమ్మదిగా గుర్తుచేశాడు. వలస మిత్రకు ఇవ్వాలి. వలస మిత్ర ఎదురుగానే ఉన్నాడు. ఇంత తేలిగ్గా ఏ రాష్ట్రంలో ఏ పౌరురాలికి అధికారి దొరుకుతాడని అడిగాడు.

సుంకన్న జేబులోంచి కలం తీసి, "చెప్పక్కా, రాసుకుంటా" అన్నాడు.

గంగులమ్మ శాలువా తీసుకోకుండా ఇంటికి వచ్చేసింది. బిరుదు వద్దన్న మొదటి మనిషి కావడంతో ఆ కబురు మందాకినికి చేరింది, ఆమెకు కంగారు పుట్టింది. అధ్యయన బృందం వస్తున్నప్పుడు ఇలాంటి మనిషి ఊళ్ళో తిరుగుతుంటే ప్రశ్నలు వస్తాయి. అరెస్టు చేద్దామంటే ఆమె ఏ నేరమూ చేయలేదు. నచ్చజెబుదామంటే వినే రకం కాదు. కొన్నాళ్ళపాటు ఆమెను సరిహద్దు అవతల ఎక్కడైనా ఉంచడమొక్కటే ఉపాయంగా తోచింది. మనుషుల్ని మాట చెప్పి ఊరు దాటించడంలో అనుభవం ఎవరికుందని ఆరా తీస్తే విభాగంలో అందరూ ఒకే పేరు చెప్పారు.

అలా ప్రభుత్వ ఉత్తర్వు మీద సుంకన్న రెండోసారి గంగులమ్మ గడపలోకి వచ్చి కూర్చున్నాడు. ఈసారి జీపు కూడా ప్రభుత్వానిదే. పాలమందలో కొత్తగా బట్టలు కుట్టే కంపెనీ పెట్టారనీ, ఆడవాళ్ళు కావాలనీ, అక్కడే ఉండటానికి గది ఇస్తారనీ చెప్పాడు. పాలమంద పక్క నియోజకవర్గం, వంక దాటితే వచ్చేస్తుంది. లోపల మంచం మీద నుంచి సాలమ్మ, అమ్మీ ఆ గొంతు ఎవరిది, నాకు ఎరికైన గొంతు మాదిరుందే అంది.

గంగులమ్మ అతని నోరే చూస్తోంది. ఒక్కసారి విన్న మాటలు మళ్ళీ వింటున్నప్పుడు మనిషికి భయం వేస్తుందనుకుంది గానీ, ఆమెకు వేయలేదు. తర్వాత ఏ మాట వస్తుందో ముందే తెలుస్తోంది.

"రెండు పూటలా తిండి..." అన్నాడు సుంకన్న.

"శుక్రవారం సెలవా?" అంది గంగులమ్మ.

"ఆదివారం. మన దేశం గదక్కా."

ఆమె కొత్త చీర కట్టుకుని జీపెక్కింది. అత్తకు మాత్రం, సాయంత్రానికి వచ్చేస్తా, పొయ్యి దగ్గరికి పోవద్దు అని చెప్పింది.

వంక దాటి పాలమంద సెంటరులోకి రాగానే సుంకన్న టీ తాగుదామని జీపు ఆపించాడు. ఎదురుగా పోలీసు స్టేషను. అతను గ్లాసు అందుకుని ఊదుకునేలోగా గంగులమ్మ రోడ్డు దాటింది. లోపలికి వెళ్ళి, నన్ను ఉద్యోగమని మాట చెప్పి రాళ్ళవంక నుంచి ఈడికి తెచ్చినారు, ఇదే మనిషి ఇంతకుముందు నన్నూ ఇంకో పాపనూ గల్ఫుకు అమ్మినాడు, ఇప్పుడు బయట టీ తాగుతాండాడు అని ఒకే ఊపిరిలో చెప్పింది.

రాళ్ళవంక అనే మాట వినగానే అక్కడి సీఐ లేచి నిలబడ్డాడు. పాలమంద శాసనసభ్యుడు బండ్లపల్లి హరిశ్చంద్ర బంగారు పతకం పోటీలో రెండో స్థానంలో ఉన్నాడు. రాళ్ళవంకలో ఒక్కరైనా అమ్ముడుపోయినట్టు దొరికితే బాగుండునని ఆయన దేవుళ్ళకు మొక్కుకుంటున్న రోజులవి. సీఐ ఫోను చేయగానే హరిశ్చంద్ర తువ్వాలు భుజాన వేసుకుని పరుగున వచ్చాడు. ఆ స్టేషనులో అన్ని నేరాలకూ చోటుంది. గంగులమ్మ చెప్పింది చెప్పినట్టు రాశారు. నిర్వచనానికి తక్కువ కాకుండా ఇంకాస్త చేర్చారు. జీపుకు టార్పాలిను కట్టి ఉంది కాబట్టి మూసిన బండి. సీటు బెల్టు ఉంది కాబట్టి కట్టివేత. ఇక ఏడుపు ఒక్కటే తక్కువైంది.

"ఒక్కసారి ఏడవమ్మా, లేడీ కానిస్టేబులు విని సంతకం పెడుతుంది" అన్నాడు హరిశ్చంద్ర.

గంగులమ్మకు ఏడుపు రాలేదు. సీఐ కేసు నంబరు రాసిన చీటీ చేతికివ్వగానే మాత్రం, ఎవరూ అడగకుండానే, స్టేషనంతా వినపడేలా ఏడ్చింది. లేడీ కానిస్టేబులు విని సంతకం పెట్టింది.

సుంకన్నను టీ గ్లాసుతో సహా తీసుకొచ్చారు. తాను ప్రభుత్వ విధి నిర్వహణలో ఉన్నానని అతను మొత్తుకున్నాడు. రుజువుగా జీపు ఉత్తర్వు చూపించాడు. దాన్ని సాక్ష్యం కింద జప్తు చేశారు. అతన్ని లోపలికి తోసి తాళం వేస్తుంటే గంగులమ్మ కటకటాల దాకా వెళ్ళి ఒక నిమిషం చూసి వచ్చింది. అతనూ ఆమెను చూశాడు గానీ ఈసారి బాగుండావా అని అడగలేదు. అతను జైల్లో ఉండగా రాళ్ళవంకలో వలస మిత్ర పదవి ఖాళీగా ఉండకూడదని దాన్ని అతని బావమరిదికి ఇచ్చారు.

ఆ రోజు ఫోనులో నంబరు చెబుతుంటే లాల్‌బీ ఒక్కో అంకె తిరిగి పలికి చూసుకుంది. ఆ తర్వాత శరణాలయం అధికారిణి ఫోను అందుకుని, నంబరు అందిందనీ, ఇక ఎవరైనా పెద్దమనిషి ఫోను చేసి నిజమేనని చెబితే చాలుననీ అంది.

ఆ ఒక్క ఫోనూ ఎవరూ చేయలేదు. ఎందుకంటే పాలమందలో సంబరం మర్నాటికే చప్పబడిపోయింది. పోటీ నిబంధనల్లో, నేరం ఎక్కడ మొదలైనా ఎక్కడ నమోదైతే ఆ నియోజకవర్గం ఖాతాలోనే పడుతుందని ఉంది. అంటే రాళ్ళవంక సున్నా అలాగే ఉంది, పాలమందకు ఒకటి వచ్చింది. దశరథరామయ్య హరిశ్చంద్రకు బుట్టెడు మామిడిపళ్ళు పంపించాడు. హరిశ్చంద్ర సీఐని పిలిచి ఆ కేసు నమోదు కానట్టుగా చేయమన్నాడు. లోకాన్ని ఏమన్నా చేయవచ్చు గానీ కంప్యూటరు ఒకసారి ఇచ్చిన నంబరును వెనక్కి తీసుకోదని సీఐ చెప్పాడు. గంగులమ్మ ఫోను చేయమని అడగడానికి వెళితే హరిశ్చంద్ర ఇంట్లో ఉండి కూడా లేడనిపించాడు.

ఈ గొడవంతా పత్రికలకెక్కడంతో సభాసంఘం కదిలింది. 'అక్రమ రవాణా నివారణలో శాసనసభ్యులు ఏమి చేయగలరు' అన్న అంశం మీద బాధితుల నుంచే తెలుసుకోవాలని నిర్ణయించి గంగులమ్మను రాజధానికి పిలిపించారు. పొడవాటి బల్ల, చుట్టూ సభ్యులు, ప్రతివాళ్ళ ముందూ జీడిపప్పు పళ్ళెం. దశరథరామయ్య అధ్యక్షుడు. హరిశ్చంద్ర కూడా సభ్యుడే, ముఖం ముడుచుకుని ఒక మూల కూర్చున్నాడు. గంగులమ్మ చెబుతున్న ప్రతి మాటనూ ఒక గుమాస్తా సభా భాషలోకి మార్చి రాసుకుంటున్నాడు.

అధ్యక్షుడు గొంతు సవరించుకుని, ఈ మహమ్మారిని రూపుమాపడానికి తామంతా ఏం చేయాలని ఆమె కోరుకుంటోందో అడిగాడు. నిస్సంకోచంగా చెప్పమన్నాడు.

"ఆ పాప ఇంకా ఆడ్నే ఉంది సార్. ఫోను నంబరు నా దగ్గర ఉంది. మీలో ఎవరైనా ఒకరు ఇప్పుడే ఫోను చేసి, నిజమే అని చెప్పండి. అంతే."

గుమాస్తా తలవంచుకుని, 'దూరసంచార రంగ ప్రాధాన్యతను సాక్షి సభ్యుల దృష్టికి తెచ్చారు' అని రాశాడు. ఆ సలహా చాలా విలువైనదని అధ్యక్షుడు మెచ్చుకున్నాడు. ఫోను చేయడంలోని సాధకబాధకాలను పరిశీలించడానికి ఒక ఉపసంఘం వేద్దామన్నాడు. ఒక సభ్యుడు, విదేశాలకు ఫోను చేసే అధికారం సభకు ఉందా లేదా ముందు తేల్చాలన్నాడు. ఇంకొకాయన, ఉపసంఘం ఆ దేశానికే వెళ్ళి పరిశీలిస్తే బాగుంటుందని సూచించాడు. దానికి ఎక్కువమంది మొగ్గు చూపారు.

గంగులమ్మ వాళ్ళను ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చింది. అందరి చేతుల్లోనూ ఫోనులున్నాయి. చివరికి ఆమె చూపు మూలన కూర్చున్న హరిశ్చంద్ర మీద ఆగింది. ఆమెకు చదువు రాదు గానీ, మూడు ఇళ్ళల్లో పనిచేసిన మనిషి. ఒక యజమానికి ఇంకో యజమాని అంటే పడనప్పుడు పని ఎలా జరుగుతుందో తెలుసు.

"సార్, లాల్‌బీని అమ్మింది రాళ్ళవంక నుంచే. ఆ మాట ఫోనులో మీరు చెప్తే, ఆడ పుస్తకాల్లో కూడా రాళ్ళవంక అనే రాసుకుంటారు" అంది, ఆయనకు మాత్రమే చెబుతున్నట్టుగా.

హరిశ్చంద్ర వెన్ను నిటారుగా అయింది. దశరథరామయ్య ఇది క్రమవిరుద్ధమని లేచాడు. హరిశ్చంద్ర అప్పటికే నంబరు నొక్కేసి, అందరికీ వినపడేలా ఫోను బల్ల మీద పెట్టాడు. అవతల అధికారిణి ఎత్తగానే, తన హోదా చెప్పి, కేసు నిజమనీ, ఆ పిల్లను సుంకన్న అనేవాడు రాళ్ళవంక నుంచి, మళ్ళీ చెబుతున్నాను, రాళ్ళవంక నుంచి అమ్మేశాడనీ చెప్పాడు. రాళ్ళవంక అక్షరాలు విడివిడిగా పలికి కూడా చెప్పాడు. ఇది చాలునని ఆమె అంది. వెనకనుంచి ఇంకెవరో, అక్క ఉందా ఆడ అని అడగడం వినిపించింది. గంగులమ్మ బల్ల మీదికి వంగి, ఉన్నానే అంది. ఆ మాటను గుమాస్తా ఏ భాషలోకి మార్చాలో తెలియక వదిలేశాడు.

లాల్‌బీ వచ్చే రోజుకు ఇద్దరు శాసనసభ్యులూ బెంగుళూరు విమానాశ్రయానికి వచ్చారు. ఎవరి పూలదండ వాళ్ళది, ఎవరి ఫొటోగ్రాఫర్లు వాళ్ళకు. గంగులమ్మ ముందురోజే బస్సులో వచ్చి, తలుపుల దగ్గర ఇనప కడ్డీని పట్టుకుని నిలబడింది. లాల్‌బీ చిన్న ప్లాస్టిక్ సంచీతో బయటికి వచ్చింది. గంగులమ్మను చూసి నడక ఆపేసింది. గంగులమ్మే ముందుకు వెళ్ళి ఆ సంచీ అందుకుంది.

దండలు పట్టుకుని నాయకులిద్దరూ ముందుకు వచ్చారు. సరిగ్గా అప్పుడే ఒక విలేఖరి, ఈమె ఎవరి నియోజకవర్గం బాధితురాలు సార్ అని అడిగాడు. రెండు దండలూ గాలిలో ఆగిపోయాయి. కాపురం రాళ్ళవంకలో కాబట్టి వారి మనిషే అన్నాడు హరిశ్చంద్ర. పుట్టి పెరిగింది పాలమందలో కాబట్టి వారి బిడ్డే అన్నాడు దశరథరామయ్య. ఆడపిల్లకు అత్తిల్లే ఇల్లని ఒకరు, కన్నవారి బంధం తెగేది కాదని ఒకరు చాలాసేపు వాదించుకున్నారు. ఆడవాళ్ళ గురించి అంత గౌరవంగా మాట్లాడటం ఆ ఫొటోగ్రాఫర్లు ఎన్నికల్లో కూడా వినలేదు. చివరికి దశరథరామయ్య వెంట వచ్చిన మందాకిని కల్పించుకుని, విదేశం నుంచి వచ్చి ఇంకా ఏ నియోజకవర్గంలోనూ అడుగుపెట్టలేదు కాబట్టి ప్రస్తుతానికి ఆమెను విమానాశ్రయం ఖాతాలో ఉంచవచ్చని తేల్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఫొటో తీసుకుందామని చూస్తే అక్కడ లాల్‌బీ లేదు. వాడిపోతున్న దండలను వృథా చేయలేక నాయకులు ఒకరి మెడలో ఒకరు వేసుకున్నారు. ఇద్దరికీ కలిపి పతకం ఇవ్వాలన్న ఆలోచన ఆ ఫొటో అచ్చయ్యాకే పైవాళ్ళకు వచ్చిందంటారు.

అప్పటికి ఆడవాళ్ళిద్దరూ బస్సెక్కి కూర్చున్నారు. లాల్‌బీ కిటికీ పక్కన కూర్చుని, అద్దంలోంచి ఆ గుంపును చూస్తోంది. గంగులమ్మ కొంగు చివర ముడి విప్పుతూ కండక్టరు కోసం చూస్తోంది.

"ఎవరక్కా వాళ్ళు, దండలేసుకున్నోళ్ళు?"

"మనల్ని కాపాడినోళ్ళంట."

లాల్‌బీ ఇంకోసారి వాళ్ళవైపు తేరిపార చూసింది.

"ఎప్పుడు?" అంది.

ఈలోగా కండక్టరు వచ్చాడు. గంగులమ్మ రెండు టిక్కెట్లు అడిగింది.